మాడ్యులర్ ఫారమ్‌లలో రేషనల్ పీరియడ్ ఫంక్షన్ అంటే ఏమిటి?

నెల్లూరులో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్న తమ్ముడి ప్రశ్న ఇది. పేరు చూసి టెన్షన్ పడనక్కర్లేదు.

మాడ్యులర్ ఫారమ్ అంటే చలరాశిని కొన్ని రకాలుగా మార్చినా చెదరని ఫంక్షన్. భారం (వెయిట్, అంటే కింద భాగించే జ ఘాతం) 2 అయితే, చలరాశి జ బదులు జ+1 పెట్టినా మార్పుండదు. −1/జ పెట్టి, మొత్తాన్ని జ²తో భాగించినా అదే ఫారమ్ రావాలి. కొన్ని ఫంక్షన్లకి ఈ రెండోది సరిగ్గా కుదరదు, లెక్క తేలక చిల్లర మిగిలినట్టు ఒక ముక్క మిగులుతుంది. ఆ ముక్క అకరణీయ ఫంక్షన్ (ఒక బహుపదిని ఇంకో బహుపదితో భాగించినది) అయితే, దాన్నే రేషనల్ పీరియడ్ ఫంక్షన్ అంటారు. ఐసెన్‌స్టైన్ శ్రేణి ఈ₂ అనే ఫంక్షన్‌కి మిగిలేది 6/(πఐ జ), ఇక్కడ ఐ అంటే √−1. పెద్ద భారాలకూ ఇదే కథ, జ ఘాతం మారుతుందంతే.

అసలు మజా 1978లో గణిత శాస్త్రవేత్త మార్విన్ నాప్ చూపిన ఉదాహరణలో ఉంది:

1/(జ²−జ−1) + 1/(జ²+జ−1)

ఇందులో −1/జ పెట్టి జ²తో భాగించి చూడు, ఒక్కో పదం గుర్తు మాత్రమే తిరగబడుతుంది. దాన్ని మొదటిదానికి కలిపితే సున్నా. పీరియడ్ ఫంక్షన్‌కి ఉండాల్సిన మొదటి షరతు అదే. రెండోది (జ−1)/జ మార్పును వరసగా రెండుసార్లు వాడి (ప్రతిసారీ జ²తో భాగించి), అసలుదానితో కలిపి మూడు రూపాలు కూడితే సున్నా రావడం, అదీ నెగ్గుతుంది. కాగితం మీద నువ్వే చెయ్యి, అరపేజీ పని.

దీని ధ్రువాలు, అంటే హారం సున్నా అయ్యే చోట్లు, (±1±√5)/2, అంటే స్వర్ణ నిష్పత్తీ దాని చుట్టాలూ. ఇది కాకతాళీయం కాదు. సున్నా కాని ధ్రువం ఏదైనా వాస్తవ వర్గ కరణీయ సంఖ్యే (పూర్ణాంక గుణకాల వర్గ సమీకరణానికి మూలమైన కరణీయ సంఖ్య) అయి తీరాలని నాప్ తర్వాత నిరూపించారు.