లండన్ - న్యూయార్క్ విమాన దూరం ఎంత? వెళ్ళే టైమ్, వచ్చే టైమ్ ఎందుకు వేరుగా ఉంటాయి?

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి దాదాపు 5,540 కిలోమీటర్లు. వెళ్ళడానికి సుమారు 8 గంటలు, తిరిగి రావడానికి సుమారు 7 గంటలు పడుతుంది. దూరం ఒకటే అయినా తేడా వచ్చేది గాలి వల్ల.

విమానాలు ఎగిరే 10-12 కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంటుంది. న్యూయార్క్ లండన్‌కి పడమర వైపు ఉంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఈ గాలి ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. గాలిలో విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుందాం. వెనక నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి తోస్తే నేల మీద లెక్కకు అది 1,050 అవుతుంది. అదే గాలి ఎదురైతే 750కి పడిపోతుంది. చలికాలంలో ఈ గాలి జోరు ఇంకా ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 5 గంటలు కూడా పట్టకుండా చేరిపోయింది!

భూమి తిరగడం వల్ల కింద నేల జరిగిపోతుందని, తేడా అందుకేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. భూమితో పాటే దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది. పైగా భూమి తిరిగేది తూర్పు వైపుకి; వాళ్ళు అనుకున్నట్టే అయితే పడమరకి వెళ్ళే విమానమే ముందు చేరాలి కదా. ఇంకో మాట, టికెట్ మీద టైమ్‌లు చూసి ప్రయాణం ఎన్ని గంటలో లెక్కేయకండి. అవి ఏ ఊరి గడియారం ప్రకారం ఆ ఊరివి, రెండింటికీ మామూలుగా 5 గంటల తేడా ఉంటుంది.