టిక్కెట్లు కొనకపోయి ఉంటే, గోల్డ్‌కోస్ట్‌కు మేలో వెళ్లండి

ప్రశ్న: మాది గుంటూరు కొరిటెపాడు. ఉద్యోగం మీద సిడ్నీ వచ్చి ఎనిమిది నెలలైంది. మా అమ్మానాన్నలు నవంబరులో ఇక్కడికి వస్తున్నారు. డిసెంబరు సెలవుల్లో వారినీ, మా నాలుగేళ్ల పాపనూ వెంటబెట్టుకొని ఐదు రోజులు క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు తీరంలోని గోల్డ్‌కోస్ట్ వెళ్లిరావాలని ఉంది. ఖర్చు ఎలా ఉంటుంది? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఈ జవాబును గుంటూరులోనే, బ్రాడీపేటలో మా అన్నయ్యగారి ఇంటి వసారాలో కూర్చుని రాస్తున్నాను. నా ముందు మా నాన్నగారి పాకెట్ డైరీ ఉంది. 2011 డిసెంబరులో, సిడ్నీలో నా కాపురానికి రెండేళ్లు నిండిన రోజుల్లో, మీరు అనుకుంటున్న ప్రయాణాన్నే నేనూ చేశాను. నాన్నగారు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా పనిచేసిన మనిషి కాబట్టి ప్రతి డాలరునూ ఆ డైరీలో రాసుకున్నారు. అందువల్ల నేను చెప్పే లెక్కల్లో జ్ఞాపకం తక్కువ, కాగితం ఎక్కువ. ఇన్నేళ్లలో ఆ ఊరికి మరో ఆరుసార్లు వెళ్లి, మొదటిసారి అయిన ఖర్చులో సగానికి తిరిగి వచ్చాను. తెలియక పెట్టే ఖర్చే అసలు ఖర్చు అన్న సంగతి, కొత్తగా వచ్చిన మీ వంటివారికి ఎంత చెప్పినా మొదటి బిల్లు చేతికి వచ్చేదాకా తలకెక్కదు.

నా మొదటి పొరపాటు నెలలోనే ఉంది. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరిదాకా బడులకు సెలవులు. సిడ్నీ, బ్రిస్బేన్ కుటుంబాలన్నీ అదే తీరం మీదికి దిగుతాయి. మే నెలలో ఉన్న గది అద్దె అప్పటికి రెట్టింపు కావడం మామూలే. పైగా అది అక్కడి వానాకాలం. పొద్దున ఎండ చూసి బయలుదేరితే, సాయంత్రానికి ఉరుములతో వాన పడుతుంది. మేలో అయితే పగలు ఇరవై మూడు డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. మీ అమ్మానాన్నలు అదే సమయంలో గుంటూరు వడగాలి నుంచి తప్పించుకొని వచ్చినవారు అవుతారు. వారి టిక్కెట్లు ఇంకా కొనకపోయి ఉంటే ప్రయాణాన్ని మే నెలకు మార్చండి. కొనేసి ఉంటే మీ పాపకు ఇంకా బడి లేదు కాబట్టి డిసెంబరు మొదటి వారంలోనే వెళ్లి రండి.

రెండో పొరపాటు చౌక విమానం. టిక్కెట్టు ధర చూసి మురిసిపోయాను గానీ, అందులో సామాను లేదన్న సంగతి చదవలేదు. చేతి సంచికి ఏడు కిలోలు మాత్రమే అనుమతి. అమ్మ బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న కుక్కరు కలిపి రెండు పెట్టెలు సర్దింది. వాటికి విమానాశ్రయం కౌంటరు దగ్గర కట్టిన డబ్బు ఒక మనిషి టిక్కెట్టు కంటే ఎక్కువైంది. సామాను రుసుమును టిక్కెట్టుతో పాటే ముందుగా కట్టండి. గుంటూరు నుంచి తెచ్చుకొనే ఆహారాన్ని సిడ్నీలో దిగినప్పుడు ప్రయాణికుల కార్డులో తప్పక రాసి చూపించాలన్నది మీకు తెలిసే ఉంటుంది. ఆ నియమాలూ, వీసా వివరాలూ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, చూసుకోండి.

ఇక బస. గోల్డ్‌కోస్ట్ దక్షిణపు కొసన కూలంగాటా అనే పేట క్వీన్స్‌లాండ్‌లో ఉంది. దానికి ఆనుకొని, రోడ్డు దాటితే వచ్చే ట్వీడ్ హెడ్స్ పేట, సిడ్నీ ఉన్న రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది. గది కొంచెం చౌకగా దొరికిందని నేను రోడ్డుకు ఆ పక్కన దిగాను. వేసవిలో న్యూ సౌత్ వేల్స్ గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, క్వీన్స్‌లాండ్ మాత్రం జరపదు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు ఆ రెండు పేటల మధ్య గంట తేడా ఉంటుంది. విమానాశ్రయంలో దిగగానే మేమందరం గడియారాలను క్వీన్స్‌లాండ్ సమయానికి మార్చుకున్నాము. చివరి రోజు పది గంటలకు గది ఖాళీ చేయాలి. తొమ్మిదిన్నరకు నాన్నగారు స్నానం చేసి, తీరిగ్గా విభూతి పెట్టుకుంటూ ఉండగా తలుపు తట్టారు. ఆ అపార్ట్‌మెంటు గడియారంలో అప్పటికి పదిన్నర. సగం రోజు అద్దె అదనంగా తీసుకున్నారు. డైరీలో ఆ పద్దు ఎదురుగా నాన్నగారు “రోడ్డు దాటినందుకు” అని రాసుకున్నారు.

అంతకు ముందు రాత్రి జరిగింది ఇంకా ఖరీదైనది. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకోవడం మంచి ఆలోచనే, ఇప్పటికీ అదే చెబుతాను. ఐదుగురు మూడు పూటలా బయట తింటే గది అద్దె కంటే భోజనం ఖర్చే మించిపోతుంది. అయితే అమ్మ చారుకు ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టినప్పుడు పొగ లేచి గదిలోని అలారం మోగింది. కంగారుపడి నేను భవనం లోపలి వరండాలోకి ఉన్న తలుపు తెరిచి, తువ్వాలుతో పొగను బయటికి విసిరాను. గదిలోని అలారం మన చెవులకు మాత్రమే. వరండాలో ఉన్న అలారం ఫైరింజనును పిలుస్తుంది. పది నిమిషాల్లో హెల్మెట్లు పెట్టుకున్న ముగ్గురు మనుషులు చారు గిన్నె ముందు నిలబడ్డారు. వారు మర్యాదగానే మాట్లాడారు, కానీ వచ్చినందుకు రుసుము ఉంటుంది, దాన్ని భవనం వారు మన కార్డు మీద వేస్తారు. ఆ మొత్తం మా ఐదుగురి విమాన టిక్కెట్ల కంటే కొంచెమే తక్కువ. మీరు తాలింపు పెట్టే ముందు బాల్కనీ తలుపు బార్లా తెరిచి, పొయ్యి మీది ఫ్యాను వేసి, వరండా తలుపును ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. మీ అమ్మగారికి గుంటూరులో ఉండగానే ఈ మాట చెప్పండి.

ఎండ సంగతి చెబితే మనవాళ్లు నవ్వుతారు. నలభై అయిదు డిగ్రీలు చూసిన వారికి ముప్ఫై డిగ్రీలు ఒక లెక్కా అని నాన్నగారూ అన్నారు. సముద్రపు గాలి చల్లగా తగులుతూ ఉంటుంది కాబట్టి ఒళ్లు కాలుతున్న సంగతి తెలియదు. అక్కడ అతినీలలోహిత కిరణాల సూచిక డిసెంబరులో పదకొండు దాటుతుంది. రెండు గంటలు ఇసుకలో కూర్చున్నందుకు అమ్మకు జాకెట్టు మెడ కింద వీపంతా కమిలి, ఆ రాత్రి వెల్లకిలా పడుకోలేకపోయింది. మన సందర్శకులకు మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య పథకం వర్తించదు, కాబట్టి డాక్టరు ఫీజు చేతి నుంచే పోయింది. బీమా తీసుకోలేదు, అది కూడా పొదుపు అనుకున్న రోజులవి. సన్‌స్క్రీన్ సీసాకూ, సందర్శకుల బీమాకూ మాత్రం వెనకాడకండి. నీళ్లలోకి ఎరుపు, పసుపు జెండాల మధ్యనే దిగాలి, పాప చేయి వదలకూడదు.

ఇప్పటి మీ అదృష్టం ఏమిటంటే, 2024 ఆగస్టు నుంచి క్వీన్స్‌లాండ్‌లో సిటీ బస్సు, ట్రాము, లోకల్ రైలు ఏదైనా ఒక ప్రయాణానికి యాభై సెంట్లే. ట్రాములో హెలెన్స్‌వేల్ దాకా వెళ్లి, అక్కడ రైలెక్కితే బ్రిస్బేన్ చేరతారు. సౌత్ బ్యాంక్‌లో నది ఒడ్డున కట్టిన ఇసుక తీరం ఉంది, ప్రవేశం ఉచితం, పాపకు అలల భయం ఉండదు. ఛార్జీ కట్టడానికి పెద్దవారిలో ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి సుమా, ఒకే కార్డును నలుగురికి తాకించకూడదు. కారును అద్దెకు తీసుకోవడం ఒక్కరోజుకు చాలు, అదీ స్ప్రింగ్‌బ్రూక్ కొండల్లోని నేచురల్ బ్రిడ్జి అనే రాతి వంతెన చూడటానికి. టోలు రోడ్ల మీద డబ్బు తీసుకొనే గేట్లు ఉండవు, కెమెరా నంబరు చూస్తుంది, కారు కంపెనీ దాని మీద తన రుసుము కలుపుతుంది. మ్యాపులో టోలు వద్దు అని ముందే పెట్టుకోండి. సర్ఫర్స్ ప్యారడైజ్‌లో డెబ్బై ఏడో అంతస్తు నుంచి ఊరిని చూపించే చోటు ఉంది, నేను ఒకసారి ఎక్కాను, మళ్లీ ఎక్కలేదు. జూన్ నుంచి అయితే బర్లీ హెడ్స్ గుట్ట మీద నిలబడి, పైసా ఖర్చు లేకుండా తిమింగలాలు నీళ్లు చిమ్మడం చూడవచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ అమ్మానాన్నల ఎదుట ధర పలకకండి. నేను ఆ మొదటి రోజే గది అద్దె నూట ఎనభై డాలర్లని నోరు జారాను. అప్పుడు డాలరు యాభై రూపాయల పైచిలుకు. నాన్నగారు ఒక్క క్షణం లెక్కవేసి, “ఒక్క రాత్రికి మూడు టిక్కీల మిరపకాయలా?” అన్నారు. మిర్చి యార్డు మాటల్లో టిక్కీ అంటే బస్తా. ఆ తరువాత నాలుగు రోజులూ బయట కాఫీ తాగలేదు, అడిగితే తలనొప్పిగా లేదన్నారు. అద్దె, టిక్కెట్లు అన్నీ సిడ్నీలోనే కట్టేయండి, రసీదులు ఫోనులో దాచుకోండి, అడిగితే కంపెనీ ఇచ్చిన రాయితీ అని చెప్పండి. కాఫీ కొనేటప్పుడు మీ ఆవిడను పంపండి, వరుసలో మీ నాన్నగారిని నిలబెట్టకండి. ధరల పలక కౌంటరు పైన పెద్ద అక్షరాలతో ఉంటుంది.