మీ ఇంగ్లీషు చాలు, జడ్జిగా పేరివ్వండి

ప్రశ్న: మాది బరంపురం. న్యూజెర్సీ వచ్చి ఏడాది దాటింది. మా అబ్బాయి ఆరో తరగతి, స్కూల్లో స్పీచ్ అండ్ డిబేట్ క్లబ్బులో చేరాడు. వాళ్ల ఆన్‌లైన్ టోర్నమెంటు ఒకటి క్రిస్మస్ సెలవుల్లో పడింది. అప్పటికి మేం బరంపురంలో అత్తగారింట్లో ఉంటాం. అక్కణ్నించి పాల్గొనొచ్చా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. పిల్లల తల్లిదండ్రులు జడ్జిలుగా రావాలని కోచ్ మెయిల్ పెట్టారు. తెలుగు యాసలో ఇంగ్లీషు మాట్లాడే నేను అమెరికా పిల్లలకి తీర్పు చెప్పడమేమిటి? కుదరదని చెప్పేద్దామనుకుంటున్నాను.

జవాబు: కుదరదని మాత్రం చెప్పకండి. మిగతావన్నీ తర్వాత, ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

నాది పర్లాకిమిడి. ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది. మా పిల్లలిద్దరూ ఈ పోటీల్లోనే పెరిగారు. మన వైపు నుంచి, అంటే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి వచ్చిన తల్లిదండ్రుల్లో ఈ భయం చూస్తూనే ఉన్నాను. హైదరాబాదు వాళ్లకి లేదని కాదు. కానీ మనకి ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైల్లో హిందీ, పరీక్షల్లో ఇంగ్లీషు. భువనేశ్వర్ వెళ్తే తెలుగువాళ్లంటారు, విశాఖపట్నం వెళ్తే ఒడియావాళ్లంటారు. ఏ భాషలోనూ మనకి పూర్తి హక్కు లేదేమోనన్న అనుమానం చిన్నప్పట్నించీ వెంటే ఉంటుంది. ఇక్కడికొచ్చాక ఆ అనుమానమే ‘నేను జడ్జినా’ అని అడిగిస్తుంది.

జడ్జి అంటే ఏ ప్రొఫెసరో వచ్చి కూర్చుంటాడని మీరు ఊహించుకుంటున్నట్టుంది. మిడిల్ స్కూల్ టోర్నమెంటులో చాలా గదుల్లో తీర్పు చెప్పేది ఇంకో స్కూలు పిల్లాడి అమ్మో నాన్నో. ప్రతి స్కూలూ తను పంపే పిల్లల లెక్కని బట్టి ఇంతమంది జడ్జిల్ని ఇవ్వాలి. ఇవ్వకపోతే డబ్బు కట్టి బయటి జడ్జిని పెట్టుకోవాలి, లేదా కొన్ని ఎంట్రీలు వదులుకోవాలి. అంటే అమ్మలందరూ మొహమాటపడితే ఎవరో ఒక పిల్లాడికి ఆ శనివారం ఆట ఉండదు.

మీ అబ్బాయి ఏ విభాగంలో ఉన్నాడో రాయలేదు. డిబేట్‌కి కొత్త కాబట్టి బహుశా పబ్లిక్ ఫోరమ్ అయ్యుంటుంది. జట్టుకి ఇద్దరు. దీన్ని 2002లో మొదలుపెట్టిందే మామూలు మనిషి విని అర్థం చేసుకోగలిగే వాదన కావాలని. అంతకుముందు నుంచీ ఉన్న పాలసీ డిబేట్‌లో పిల్లలు ఊపిరి పీల్చుకోకుండా గబగబా చదివేస్తారు, అలవాటు లేని చెవికి ఒక్క ముక్కా అందదు. దానికి విరుగుడుగా పుట్టిన విభాగంలో మీలాంటి మనిషి జడ్జి కుర్చీలో ఉండాలనే దాన్ని పెట్టినవాళ్లు కోరుకున్నారు.

పోటీ నడిచేది ఎక్కువగా ట్యాబ్‌రూమ్ అనే సైటు మీద. అమెరికాలో ఈ పోటీలకి పెద్ద దిక్కయిన నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్ వాళ్లది అది. ఆ సంస్థ 1925 నాటిది. సైటులో మీ పేరు మీద అకౌంటు తెరవగానే ‘పారడైమ్’ అని ఒక ఖాళీ పెట్టె కనిపిస్తుంది. మీరు ఎలాంటి జడ్జో అందులో రెండు మాటలు రాయాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు. మీరు వదలకండి. ‘నేను పేరెంట్ జడ్జిని, కొత్తదాన్ని, నెమ్మదిగా మాట్లాడండి, పొడి అక్షరాలు వాడితే వాటి అర్థం చెప్పండి’ అని ఇంగ్లీషులో రాసి పెట్టండి. పిల్లలు రౌండ్‌కి ముందు దాన్ని వెతుక్కుని మరీ చదువుతారు. మీ కోసం వేగం తగ్గించడం వాళ్ల పని. తగ్గించకపోతే నష్టపోయేది వాళ్లే.

ఇక గదిలో ఏం చెయ్యాలంటే, ఒక తెల్లకాగితం నిలువుగా మడిచి ఎడమ పక్క ఒక జట్టు, కుడి పక్క ఇంకో జట్టు రాసుకోండి. మొదటి ప్రసంగాలు 4 నిమిషాల చొప్పున ఉంటాయి. తర్వాత 3 నిమిషాలు క్రాస్‌ఫైర్, అంటే ఒకర్నొకరు ప్రశ్నలడగడం. ఖండనకి మళ్లీ తలో 4 నిమిషాలు, సమ్మరీకి 3, ఆఖరి మాటకి 2. నడుమ నడుమ ఇంకా క్రాస్‌ఫైర్లుంటాయి. ఒక పక్క చెప్పిన పాయింటుకి ఎదురుగా రెండో పక్క జవాబు రాసుకుంటూ పొండి. జవాబు రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచండి. చివరికి తీర్పు చాలావరకు ఆ ఖాళీల్లోంచే వస్తుంది.

నేను చూసిన ఒక రౌండ్‌లో ఒక జట్టు టీవీ యాంకర్లలా మాట్లాడింది. సూటు, టై, చిరునవ్వు, అన్నీ ఉన్నాయి. అవతలి జట్టులో ఒక చిన్నమ్మాయి. గొంతు వణుకుతోంది, చదివే కాగితం మాటిమాటికీ కెమెరాకి అడ్డం వస్తోంది. క్రాస్‌ఫైర్‌లో ఆ పిల్ల ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంది: ‘ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?’ అవతలివాళ్లు అందంగా ఇంకేదో చెప్పారు. మళ్లీ అడిగింది. మళ్లీ ఇంకేదో చెప్పారు. నా కాగితం మీద ఆ ప్రశ్నకి ఎదురుగా ఏమీ పడలేదు. గెలుపు ఆ పిల్ల జట్టుకే రాశాను, కారణం కూడా ఒక్క వాక్యమే రాశాను. ఇందులో నా ఇంగ్లీషు గొప్పతనం ఏమైనా అవసరమైందా?

నిజానికి వినడంలో మనవాళ్లకి పుట్టుకతో వచ్చిన సాధన ఉంది. బరంపురం బజారులో మీరు తెలుగులో ధర అడిగితే కొట్టతను ఒడియాలో జవాబు చెప్తాడు, పక్కనున్న మార్వాడీ హిందీలో బేరమాడతాడు, ఎవరూ ఎవరినీ యాస గురించి అడగరు. చైనా వాళ్ల పిల్లాడు, మెక్సికో వాళ్ల పిల్ల, మన గుంటూరు పిల్లాడు ఒకే గదిలో వాదించుకుంటుంటే మాటలోని సరుకు పట్టుకోవడం మీకు ఇంగ్లీషొక్కటే వచ్చిన జడ్జికంటే సులువు. యాసని బట్టి మార్కులు తగ్గించకూడదని జడ్జిలకిచ్చే శిక్షణలో కూడా చెప్తారు.

రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. మొదటిది, విషయం మీద మీకున్న అభిప్రాయం గది బయట వదిలేసి రావాలి. అణు విద్యుత్తు మీద వాదన జరుగుతోందనుకోండి, మీ ఆయన పవర్ ప్లాంటులో ఇంజనీరు, పిల్లలు తప్పు చెప్తున్నారని మీకు తెలుసు. అయినా ఆ తప్పు పట్టుకోవాల్సింది ఎదుటి జట్టు. వాళ్లు పట్టుకోకపోతే మీరూ పట్టుకోకూడదు. ఇది మనవాళ్లకి చచ్చేంత కష్టం! రెండోది, రౌండ్ తెరవగానే బాలెట్ మీద, అంటే మీరు తీర్పు రాసే ఆన్‌లైన్ పత్రం మీద, ‘స్టార్ట్’ బటన్ నొక్కండి. నొక్కకపోతే జడ్జి రాలేదనుకుని నిర్వాహకులు మిమ్మల్ని వెతకడం మొదలుపెడతారు. అన్నట్టు, మీ స్కూలు పిల్లల్ని మీకివ్వరు కాబట్టి మీ అబ్బాయికి తీర్పు చెప్పే ఇబ్బంది రాదు.

స్పీచ్ విభాగాల్లో పడితే పని ఇంకా తేలిక. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు, మీరు వరసగా ర్యాంకులిస్తారు. ఇక్కడ 1 అంటే అందరికంటే మేలు. మనవాళ్లలో ఒకాయన కొడుకు షీటు మీద 6 చూసి చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు, పాపం.

ఇక మీ ప్రయాణం సంగతి. ఆన్‌లైన్ కదా, ఎక్కడైతేనేం అనుకోవద్దు. టోర్నమెంటు ఆహ్వానపత్రంలో నియమాలుంటాయి, వాటి పైన స్కూలు నియమాలుంటాయి. బరంపురం నుంచి ఆడొచ్చో లేదో కోచ్‌ని మెయిల్లోనే అడిగి, జవాబు మెయిల్లోనే తెప్పించుకోండి.

సరేనన్నారనుకుందాం. శీతాకాలంలో న్యూజెర్సీలో పొద్దున్న 9 అంటే బరంపురంలో రాత్రి 7:30. అక్కడ సాయంత్రం 5 దాకా రౌండ్లు సాగితే మీకు తెల్లవారుజాము 3:30 అవుతుంది. అదే కాలిఫోర్నియా వాళ్లు పెట్టిన టోర్నమెంటైతే మొదలవడమే రాత్రి 10:30కి. పదకొండేళ్ల గుంటడికి అది మామూలు విషయం కాదు. ఊరు చేరిన వారంలోనే పోటీ పడితే నేనైతే పంపను. జెట్‌లాగ్ తీరాక పడితే మధ్యాహ్నం భోజనమయ్యాక గట్టిగా నిద్రపుచ్చి, రాత్రికి లేపి కూర్చోబెట్టొచ్చు. మీరూ అదే రాత్రి జడ్జి చెయ్యాలి కాబట్టి మీరూ పడుకోండి. వంట అత్తగారు చూసుకుంటారు, మనవడి కోసం ఆ మాత్రం చెయ్యరా!

ఇంట్లో చూసుకోవాల్సినవి చిన్నవే, కానీ పోటీలు పోయేది వీటి దగ్గరే. వైఫై రౌటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఫ్యాను, లైటు ఇన్వర్టర్ మీద ఉంటాయి, రౌటర్ ఉండదు. కరెంటు పోతే గదిలో వెలుగుంటుంది గానీ పిల్లాడు తెరమీంచి మాయమవుతాడు. మరిదిగారి ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. అమెరికా ల్యాప్‌టాప్ ప్లగ్గు మన గోడకి పట్టదు, అడాప్టర్ రెండు కొనండి. రౌండ్ల కబుర్ల కోసం ఫోన్ మెసేజీలని నమ్ముకోకండి. మీ అమెరికా నంబరు బరంపురంలో మూగపోవచ్చు కాబట్టి అవి ఈమెయిల్‌కి వచ్చేలా ముందే చూసుకోండి. గోడ మీద ఒక కాగితం అంటించి రౌండ్ నంబరు, న్యూజెర్సీ టైము, బరంపురం టైము రాయండి.

గది మేడ మీదిది తీసుకోండి. కింద హాల్లో సీరియల్ నడుస్తుంటుంది, చుట్టాలు వచ్చి పోతుంటారు. తాతగారికి ఒక మాట గట్టిగా చెప్పాలి: రౌండ్ నడుస్తున్నంతసేపూ బయటివాళ్లు ఎవరూ పిల్లాడికి ఒక్క ముక్క కూడా అందించకూడదు. మనవడు తడబడితే పెద్దాయన ఊరుకోలేరు, తలుపు చాటు నుంచి పాయింటు అందిస్తారు. అది మైకులో పడితే రౌండ్ పోయినట్టే.

తాతగారి అవసరం ముందు రోజుల్లో ఉంది. పబ్లిక్ ఫోరమ్‌లో ఏ పక్క వాదించాలో పిల్లలకి ముందుగా తెలియదు. చాలాచోట్ల నాణెం ఎగరేస్తారు. గెలిచిన జట్టు పక్షమైనా ఎంచుకుంటుంది, ముందు మాట్లాడాలో తర్వాత మాట్లాడాలో అయినా ఎంచుకుంటుంది. మిగిలింది రెండో జట్టుకి. కాబట్టి రెండు పక్షాలూ సాధన చెయ్యాలి. మన వైపు దీనికి కొటియాని మించిన విషయం లేదు. కోరాపుట్ జిల్లాకీ మన సాలూరు వైపుకీ నడుమ కొండల మీద ఉన్న ఆ పల్లెల కోసం ఒడిశా, ఆంధ్ర 1968లోనే సుప్రీంకోర్టుకెక్కాయి. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టిందని ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. రెండు రాష్ట్రాల కార్డులూ దాచుకున్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. భోజనాల బల్ల దగ్గర నాణెం ఎగరేసి, తాతగారు ఒడిశా, మనవడు ఆంధ్ర అని పది నిమిషాలు వాదించుకోమనండి. మర్నాడు పక్షాలు మార్చండి. తాతగారు మొదటి రోజు కొట్టిన పాయింటుకి రెండో రోజు తనే జవాబు వెతుక్కోవాలి. ఆ వాదన తెలుగులో నడిచినా ఫర్వాలేదు, ఒడియాలో నడిచినా ఫర్వాలేదు. వాడికి కావాల్సింది ఎదుటివాడి మాట చివరిదాకా వినే అలవాటు.

వచ్చే ఏడాది వాడు ఒరిజినల్ ఒరేటరీలో, అంటే సొంతంగా రాసి కంఠస్థం చేసి 10 నిమిషాల్లోపు చెప్పే విభాగంలో చేరతానంటే మా ఊరి మాస్టారిని గుర్తు చెయ్యండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి ఆ భాషలోనే పుస్తకాలు తయారు చేశారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన మీ పిల్లాడి దగ్గర దాని మీద చెప్పుకోవడానికి సొంత మాట ఉంటుంది. కానీ రాయాల్సింది వాడే. ఇక్కడ అమ్మానాన్నలు రాసిచ్చిన ప్రసంగం జడ్జిలకి రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆరో తరగతి పిల్లాడి నోట్లో నలభై ఏళ్ల మనిషి పదాలు కూర్చోవు.

మీరు అడగలేదు గానీ అడుగుతారు: ప్రైవేటు కోచింగ్ పెట్టించాలా అని. మొదటి ఏడాది వద్దు. టోర్నమెంటు అయ్యాక జడ్జిలు రాసిన బాలెట్లు ట్యాబ్‌రూమ్‌లోకి వస్తాయి, కోచ్ చూపిస్తారు. వాటిలో ఏం రాశారో వాడి పక్కన కూర్చుని చదవండి. జడ్జిగా ఒక్క రౌండ్ కూర్చున్నాక మీకే ఆ రాతలు ఇంకోలా అర్థమవుతాయి, కోచింగ్ వాళ్లు డబ్బు తీసుకుని చెప్పేది కూడా చాలావరకు అదే.

ఆహ్వానపత్రంలో పేర్లు ఇవ్వడానికీ, ఇచ్చిన పేరు వెనక్కి తీసుకోవడానికీ విడివిడిగా గడువులుంటాయి. ఆ రెండో గడువు దాటాక మానుకుంటే జరిమానా స్కూలు మీద పడుతుంది. కాబట్టి ముందు టికెట్ల తేదీలు ఖాయం చేసుకోండి, ఆ తర్వాత ఇద్దరి పేర్లూ ఒకే మెయిల్లో పంపండి. వాడిది ఆడేవాళ్ల పట్టికలోకి, మీది జడ్జిల పట్టికలోకి.