చెరువు తాకట్టు పెట్టి వాషింగ్టన్ పంపాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. నాలుగెకరాల చెరువులో వనామీ రొయ్యలు వేస్తాం. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ ఆఖరి సంవత్సరం. వాషింగ్టన్‌లో అంతర్జాతీయ సంబంధాల్లో మాస్టర్స్ సీటు వచ్చింది. ఖర్చు డెబ్భై లక్షలు దాటేలా ఉంది. అమెరికా ప్రపంచ సంస్థల్లోంచి బయటికి వచ్చేస్తోందని పేపర్లలో చదువుతున్నాం. చెరువు మీద లోన్ తీసుకుని పంపమంటారా, చదువే మార్చమంటారా?

జవాబు: అయ్యా, చెరువు తాకట్టు పెట్టకండి. అలాగని అమ్మాయిని చదువు మార్చుకోమని కూడా అనకండి.

ముందు వాషింగ్టన్ సంగతి. అక్కడి విదేశాంగ శాఖలో దౌత్యవేత్త కావాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాలి. కాబట్టి ఈ చదువు చదివిన మన పిల్లలు ఎక్కువగా ఆ చుట్టుపక్కల సంస్థల్లో నిలదొక్కుకునేవారు. అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం చూసే యూఎస్‌ఎయిడ్ డబ్బుతో పేద దేశాల్లో ఆరోగ్యం, వ్యవసాయం పనులు చేసే కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు అలాంటివే. 1961లో కెనెడీ హయాంలో పుట్టిన ఆ యూఎస్‌ఎయిడ్ 2025 జులై 1తో మూతపడింది. అదే నెలలో విదేశాంగ శాఖ 1,300 మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి అమెరికా 2026 జనవరిలో బయటికి వచ్చేసింది. అదే నెలలో మరో 66 సంస్థల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. వాటిలో మన గురుగ్రామ్‌లో ఆఫీసు ఉన్న అంతర్జాతీయ సౌర కూటమి కూడా ఉంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉద్యోగాలు పోయి వెతుక్కుంటున్న ఊళ్లో మీ అమ్మాయి తొలి ఉద్యోగం వెతుక్కోవాలి. పైగా ఈ కోర్సుకు సాధారణంగా చదువు తర్వాత ఏడాది పాటే పని అనుమతి ఉంటుంది. ఇంజనీరింగ్ వాళ్లకు దొరికే అదనపు రెండేళ్లు దొరకవు.

2022లో విజయవాడ అబ్బాయి ఒకడిని ఇలాంటి కోర్సుకు నేనే వెళ్లమన్నాను. చదువయ్యాక ఆఫ్రికాకు మలేరియా మందుల సరఫరా లెక్కలు చూసే పని దొరికింది. 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. పొద్దున కంప్యూటర్ తెరుచుకోలేదట, మధ్యాహ్నానికి ఉద్యోగం తీసేస్తున్నట్టు మెయిల్ వచ్చిందట. ‘సార్, మందులు పోర్టుకు చేరాయి. ఇక వాటిని ఎవరు తీసుకెళ్తారు?’ అన్నదే వాడి మొదటి మాట. తన వీసా గురించి, నాన్న చేసిన అప్పు గురించి ఆ తర్వాతే మాట్లాడాడు. ఆ ఫోన్ తర్వాత, ఆస్తి మీద అప్పు చేసి వాషింగ్టన్ వెళ్లమని నేను ఎవరికీ చెప్పలేదు.

మరి చదువు ఎందుకు మార్చొద్దంటున్నాను? మీ చెరువు గట్టు మీద నిలబడి ఆలోచించండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే మీ దగ్గర కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర ఏమైందో నాకన్నా మీకే బాగా తెలుసు. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో వేసిన సుంకం వచ్చి రొయ్యల రైతు మీద పడింది. ఇలాంటి దెబ్బ మనకు కొత్త కాదు. తాబేళ్లకు రక్షణ లేదంటూ వెనకటికి అమెరికా మన రొయ్యలను ఆపితే, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్‌లతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాం. అమెరికా దేశాల మధ్య వివక్ష చూపిందని 1998లో అక్కడి అప్పీలు ధర్మాసనం తేల్చింది. ఇప్పుడు ఆ ధర్మాసనమే పనిచేయడం లేదు. కొత్త సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి విచారణకు సరిపడా సభ్యులు లేరు. ట్రంప్ తర్వాత వచ్చిన బైడెన్ కూడా ఆ అడ్డు తీయలేదు. అధ్యక్షుడు మారితే అంతా సర్దుకుంటుందని లెక్క వేసుకోవద్దని అందుకే చెబుతున్నాను.

పెద్ద కోర్టు మూతపడితే ప్రతి తగాదా దేశాల మధ్య బేరంగానే తేలాలి. ఆ బేరానికి సుంకాల లెక్కలు, వాణిజ్య చట్టం తెలిసినవాళ్లు మన వాణిజ్య శాఖకు కావాలి, ఎగుమతి సంఘాలకు కావాలి, యాంటీ డంపింగ్ (సరుకు మరీ చౌకగా అమ్ముతున్నారంటూ అదనపు సుంకం వేసే) కేసులు వాదించే ఢిల్లీ లా ఆఫీసులకూ కావాలి. ఎకనామిక్స్ చదివి, చెరువు గట్టు మీద పెరిగిన పిల్లకు ఇది చెయ్యి తిరిగే పని అని నా గట్టి నమ్మకం.

ఢిల్లీలోని విదేశీ వాణిజ్య విద్యాసంస్థ ఐఐఎఫ్‌టీలో వాణిజ్యం, ఫైనాన్స్ ప్రధానంగా ఎంఏ ఎకనామిక్స్ ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవహారాల మీద పరిశోధించే కేంద్రం కూడా ఆ సంస్థలోనే ఉంది. జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల ఎంఏకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఖర్చు మీరు చెప్పిన డెబ్భై లక్షలకు దరిదాపుల్లో కూడా ఉండదు. హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఫ్రెంచో స్పానిషో పట్టుదలగా నేర్చుకుంటే రేపు ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాకు స్కాలర్‌షిప్ మీద వెళ్లేటప్పుడు పనికొస్తుంది. మన విదేశాంగ సర్వీసు ఐఎఫ్‌ఎస్ మీద మనసుంటే సివిల్స్‌కు 32 ఏళ్ల వరకు సమయం ఉంది, ఇప్పుడే ఆ టెన్షన్ వద్దు.

వాషింగ్టన్ సీటును వెంటనే వదులుకోవద్దు. ఏడాది వాయిదా వేస్తారా, ఫీజులో ఎంత తగ్గిస్తారు అని యూనివర్సిటీకి ఈ వారమే మెయిల్ పెట్టించండి. చాలా యూనివర్సిటీలు వాయిదాకు ఒప్పుకుంటాయి. ఫీజు పూర్తిగా మాఫీ చేస్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు లెక్క వేరు.

ఈలోగా ఒక ఆదివారం అమ్మాయిని మీ సరుకు కొనే ఎగుమతిదారు దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్క కంటైనర్ తాలూకు కాగితాలు అడిగి చూపించండి. మామూలు సుంకం ఎంత, యాంటీ డంపింగ్ ఎంత, మన ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోందన్న పేరుతో వేసింది ఎంత అన్నది తననే విడదీసి రాయమనండి. అర్థం కానివి రాసి నాకు పంపమనండి, ఒక్కొక్కటిగా చూద్దాం.