సాయంత్రం పంచే వాటా వద్దన్నందుకు
గుంటూరులోని మీ కార్యాలయంలో సాయంత్రం పంచే మామూళ్లలో వాటా వద్దన్నందుకు తోటివారు మాట్లాడటం మానేశారని రాశారు. వారి కోపం డబ్బు గురించి కాదండీ. తీసుకోని ఒక్కరు రేపు సాక్షి కాగలరన్న భయంతో, అందరి చేతులూ తడిస్తే ఎవరూ నోరు విప్పరన్న లెక్కతో ఆ వాటా మీ బల్ల మీదికి వస్తుంది. (లంచాన్ని ‘మామూలు’ అనడంలోనే సగం ఒత్తిడి ఉంది.) విజయవాడలో నేను పనిచేసిన చోట కొత్తవారికి మొదట టీ ఖర్చని, తరువాత పండుగ ఖర్చని అలవాటు చేసేవారు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్ ప్రకారం లంచానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. అందరితోపాటే తీసుకున్నానంటే అక్కడ చెల్లదు. ఎవరినీ నిందించకుండా, మీ పేరు లెక్కలోంచి తీసేయమని ఒక్కసారి స్పష్టంగా చెప్పి, మీ దగ్గరికి ప్రతి ఫైలు వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ రాసి ఉంచుకోండి. పగతో ఎవరైనా ఆలస్యం నేరం మీపై మోపితే ఆ రాత అక్కరకొస్తుంది.