మనుషులను వర్ణించే ఇంగ్లిషు విశేషణాలు ఎలా పట్టుబడతాయి?

స్వభావాన్ని, మనసు తీరును చెప్పే పెద్ద మాటల జాబితాలు బట్టీ పడుతున్నా వారం తిరక్కుండానే మరచిపోతున్నానని రాశారు. జాబితా పక్కన పెట్టి, ప్రతి మాటకూ మీకు తెలిసిన ఒక మనిషిని జోడించండి. కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లిన కాలంలో నేను చేసింది ఇదే.

స్టేషను బయట టీ కొట్టాయన ఒకరు ఉండేవారు. ఎన్ని కావాలని కూడా అడగరు. మన వేళ్లు చూసి అన్ని గ్లాసులు నింపుతారు, చిల్లర బల్ల మీద పెట్టి పాలగిన్నె వైపు తిరిగిపోతారు. టీ మాత్రం అద్భుతం. టాసిటర్న్ అంటే నాకు ఆయనే. మా మేనమామ అలా కాదు. సోమశిల జలాశయం నీళ్ల గురించి, మొలగొలుకుల వడ్ల ధర గురించి గంటసేపు చెబుతారు. తన ఆరోగ్యం మాట ఎత్తితే చాలు, కండువా దులుపుకుని లేచిపోతారు. ఆయన రెటిసెంట్. మొదటి మాట తక్కువగా మాట్లాడే స్వభావాన్ని చెబితే, రెండోది మనసులోది బయటపెట్టని తత్వాన్ని చెబుతుంది. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టుకున్నాక ఆ తేడా నాకు మళ్లీ చెరగలేదు.

అర్థం కన్నా ముందు చూడవలసింది అది మెచ్చుకోలా, తెగడ్తా అన్నది. పొదుపరిని ఫ్రూగల్ అనాలి, స్టింజీ అంటే పిసినారి అని తిట్టినట్టే. పట్టుదల గలవాడు టెనేషియస్, మొండివాడు అబ్‌స్టినేట్. ఇంగ్లిషు నేర్చుకునేవారి కోసం వేసిన నిఘంటువుల్లో చాలా మాటల పక్కన అప్రూవింగ్, డిసప్రూవింగ్ అని గుర్తు ఉంటుంది. దయచేసి అది చూడకుండా ఉద్యోగ దరఖాస్తులో కొత్త మాట రాయకండి.

కొన్నిటిని గ్రహాలే గుర్తుపెట్టిస్తాయి. ఉల్లాసంగా ఉండే జోవియల్ మనిషికి ఆ పేరు గురుగ్రహం నుంచి వచ్చింది, దిగులుగా ముభావంగా ఉండే శాటర్నైన్ మనిషికి శని నుంచి, క్షణానికో తీరుగా మారే మెర్క్యూరియల్ మనిషికి బుధుడి నుంచి. జాతకాలు వింటూ పెరిగినవారికి ఇవి సులువు.

మహా కోపాన్ని చెప్పే ఫ్యూరియస్, పట్టలేని ఆనందాన్ని చెప్పే ఎక్‌స్టాటిక్ వంటి మాటల్లో తీవ్రత ముందే ఉంది కాబట్టి వాటికి వెరీ తగిలించకండి. ఇంకా బలం కావాలనిపిస్తే అబ్సల్యూట్లీ సరిపోతుంది.