థర్మామీటరుతో పరాచికాలొద్దు

చిరంజీవి నానీకి,

మావయ్య ఆశీస్సులు. ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్ అని తేలిందనీ, సోమవారం నుంచి కీమో అనీ అక్క చెప్పింది. ఆస్పత్రిలో కూడా నీ నోరు ఊరుకోదు, ఊరుకోనక్కర్లేదు కూడా. దేనిమీదైనా జోకు వెయ్యి, ఒక్క థర్మామీటరు మీద తప్ప.

నవ్వించేవాళ్లకు ఓ దురలవాటు ఉంటుంది. ఇంట్లోవాళ్లు బెంగపడతారని ఒంట్లో నలతని నవ్వులో కలిపేస్తారు. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, 500 కంటే కిందికి పడిపోయినప్పుడు అలా దాచిన జ్వరం గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. 100.4 ఫారెన్‌హీట్ కనబడిందా, అర్ధరాత్రైనా ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరు. ముందుగా పారాసిటమాల్ వేసుకోకు. అది అంకె తగ్గిస్తుంది, ఇన్ఫెక్షన్‌ని కాదు. మొదటి నెల స్టెరాయిడ్లూ ఇదే నాటకం ఆడతాయి. అందుకని జ్వరం లేకున్నా వణుకో, కళ్లు తిరగడమో వస్తే వెంటనే చెప్పు. చంకలో పెడితే తక్కువ చూపిస్తుంది, నాలుక కింద పెట్టుకో. ఫైలు, మందుల చీటీ, ఒక జత బట్టలు సర్దిన సంచీ గుమ్మం దగ్గరే ఉండాలి.

ఇక జోకుల సరుకంతా స్టెరాయిడ్లే ఇస్తాయి. రాత్రి రెండింటికి పెసరట్టు కావాలనిపిస్తుంది, అది అడిగేలోపే కోపం వస్తుంది, మొహం పున్నమి చంద్రుడవుతుంది. కోపం మందుదని అక్కకీ బావకీ ముందే చెప్పి పెట్టు, మూతులు ముడుచుకోరు. డాక్టరు ఒప్పుకుంటే ఆ మాత్ర పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకో, సాయంత్రం వేసుకుంటే నిద్ర రాదు. షుగర్ పెరుగుతుంది, స్వీట్ల దగ్గర జాగ్రత్త.

డౌనోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు. ఆపైన కూడా ఎర్రగానే ఉంటే చెప్పాలి. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో మందుకి మలబద్ధకం వస్తుంది, పాదాలు తిమ్మిరెక్కుతాయి. విరేచనం మాత్ర మొదటినుంచే అడిగి తీసుకో, ఎనిమా మాత్రం వద్దు. అస్పరాజినేస్ ఇచ్చే రోజుల్లో పొట్టనొప్పి వీపులోకి పాకితే ఆలస్యం చెయ్యకు, క్లోమం వాచి ఉండొచ్చు.

బొప్పాయి ఆకు రసం తెచ్చే పిన్నులూ బాబాయిలూ ఎలాగూ వస్తారు. విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే తీస్తారనీ, నీ ఆకు పసరు సెలైన్‌లో ఎక్కుతోందనీ చెప్పు. అలాగని ఆ ఆకు ఎవరూ నమలొద్దు, అది విషం. జలుబున్నవాడు ఎంత దగ్గరి చుట్టమైనా వీడియో కాల్‌లోనే దగ్గరవ్వాలి. "మా ఆఫీసులో ఒకాయనకి ఇదే జబ్బొచ్చి..." అని మొదలుపెట్టేవాళ్లని "ఆయన బతికున్నాడా? లేకపోతే ఆ కథ నాకొద్దు" అని ఆపెయ్.

జుట్టు రెండు మూడు వారాల్లో రాలుతుంది. ముందే మెషీన్‌తో తీయించుకో, బ్లేడు వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు గాటు పడితే రక్తం ఆగదు. తలనొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అందుకే కూడదు. "ఏ కొండకెళ్లావురా?" అంటే "ఈసారి మొక్కు ఇంటికే వచ్చి తీర్చుకున్నారు" అను.

నోరు పూస్తే నవ్వడమే కష్టం. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి మూడు నాలుగు గంటలకోసారి పుక్కిలించు. కుంచె మెత్తని బ్రష్ వాడు. ఆవకాయ కొన్నాళ్లు చూసి ఊరుకో. వేడిగా వండిందే తిను, బయట కోసి అమ్మే పళ్లూ చెరుకు రసం ముట్టుకోకు.

వెన్నులో ఇంజెక్షన్ తర్వాత వాళ్లు లేవమనేదాకా వెల్లకిలా పడుకో. లేస్తే తలనొప్పి, పడుకుంటే తగ్గడం అయితే డాక్టరుకి చెప్పు.

రక్తం ఇవ్వడానికి తమ్ముడు ముందుకొస్తాడు, ఆపు. మూలుగ మార్పిడి అవసరం పడితే దాత వాడే కావచ్చు. ముందే వాడి రక్తం ఎక్కిస్తే నీ ఒంట్లో దానికి విరుగుడుగా యాంటీబాడీలు పుట్టి మార్పిడికి అడ్డురావచ్చు. స్నేహితుల్ని పోగెయ్యి.

గట్టి మందుల దశ దాటాక రెండేళ్ల పైబడి మాత్రలుంటాయి. మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రెండోది రోజూ మింగితే నోరు పుండై, రక్తకణాల కౌంట్లు కూలి, ప్రాణమే పోవచ్చు. క్యాలెండర్‌లో శుక్రవారాలకి ఎర్ర సున్నా చుట్టు, ఆ డబ్బా వేరే అరలో పెట్టు. ఆ మందు అమెరికాలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనూరి మందే కదా అని చనువు తీసుకుని వారంలో రెండోసారి మింగకు.

ఇట్లు,
మీ మావయ్య